బుడగ లోపల మందెంత

మా వీధి చివరింట్లో ఉండే అమ్మాయి ఈ మధ్య ఒక మందుల కంపెనీలో ఎనలిస్టుగా చేరింది. చేరే ముందు రోజు వచ్చి, "ఆంటీ, మీరు అందులోనే కదా ఇన్నేళ్ళు సేసినారు. లోపల అసలు ఏటి పని ఉంటాది?" అని అడిగింది. షిఫ్టులు, కంపెనీ బస్సు, క్యాంటీన్ లాంటి సంగతులేవో చెప్పి పంపేశాను. ఆమె వెళ్ళాక, నేను చెప్పినదాంట్లో పని గురించి ఒక్క ముక్క కూడా లేదని తోచింది. అందుకని కూర్చుని ఇది రాస్తున్నాను. ప్రమోషన్లు ఎప్పుడెప్పుడు వచ్చాయో, ఏయే ఆడిట్లు దాటామో ఇందులో ఉండవు. అవి ఎవరికీ ఉపయోగపడవు.

నా పని

విజయనగరానికీ శ్రీకాకుళానికీ మధ్య, హైవే పక్కన ఉండేది మా కంపెనీ. విజయనగరంలో పొద్దున్న ఏడింటికి బస్సెక్కితే ఎనిమిది కొట్టకముందే గేటు దగ్గర దింపేది. వేసవిలో దారి పక్కన జీడితోటల వాసన, గేటు దాటగానే సాల్వెంట్ల వాసన. ఇంటికొచ్చి చీర మార్చుకున్నా ఆ రెండో వాసన జుట్టులో ఉండిపోయేది. అప్పట్లో విసుక్కునేదాన్ని. ఇప్పుడు ఎక్కడైనా గోళ్ళరంగు తుడిచే సీసా మూత తీస్తే చాలు, ఒక్క క్షణం ఆ ల్యాబ్‌లో నిలబడతాను.

చాలా ఏళ్ళు మామూలు మాత్రలు, ముడిమందుల పరీక్షలే చేశాను. ఉద్యోగంలో చివరి ఏడెనిమిదేళ్ళు మాత్రం వేరే పని మీద పడ్డాను. ఒక క్యాన్సర్ మందు ఉండేది. అది కణితిని చంపుతుంది, దాంతోపాటు గుండెనూ దెబ్బ తీస్తుంది. రక్తంలోకి ఎక్కిస్తే అది అంతటా తిరుగుతుంది కాబట్టి. దాన్ని కంటికి కనపడనంత చిన్న కొవ్వు బుడగల్లో పెట్టి ఎక్కిస్తే, చాలావరకు కణితి దగ్గరే బయటపడేలా చేయొచ్చు. మా ఫార్ములేషన్ వాళ్ళు ఆ బుడగలు తయారుచేసేవాళ్ళు. అవి ఎంత పరిమాణంలో ఉన్నాయి, నిలవ ఉంచితే పగులుతున్నాయా, మందు ఎంత లోపలుంది, ఎంత బయటే మిగిలిపోయింది, ఇవి కొలవడం మా పని.

అన్నిటికన్నా చివరి ప్రశ్నే ముఖ్యం. బుడగ బయట మిగిలిన మందు బుడగ లేని మందుతో సమానం. అది నేరుగా గుండెకే పోతుంది.

పట్నాయక్ గారు

మా డిపార్ట్‌మెంటుకు పెద్ద పట్నాయక్ గారు. ఒడిశా సరిహద్దు వైపు మనిషి. తెలుగు చక్కగా మాట్లాడేవారు కానీ, ఫోన్‌లో పైవాళ్ళు ఉంటే మాత్రం అలవాటుగా, మనం "చిత్తమండి" అన్నట్టు, ఒడియాలో "ఆజ్ఞా, ఆజ్ఞా" అనేవారు. ఆ మాట వినపడిందంటే హెడ్ ఆఫీసు లైన్లో ఉందని మాకు తెలిసిపోయేది. మధ్యాహ్నం భోజనానికి మా అందరితోనే కూర్చునేవారు. తన డబ్బాలోని సంతులా కూర సగం మాకు పెట్టి, మా ఎనలిస్టు దానయ్య డబ్బాలోంచి నెత్తళ్ళ వేపుడు తీసుకునేవారు. అడిగి తీసుకోవడం ఎప్పుడూ లేదు.

నేను ఆ పనిలోకి వచ్చిన కొత్తలో బుడగల పరిమాణం కొలిచే యంత్రం మమ్మల్ని పిచ్చివాళ్ళను చేసింది. లేజరు కాంతిని వాటి మీద వేసి, అవి నీళ్ళలో ఎంత చురుగ్గా కదులుతున్నాయో చూసి పరిమాణం లెక్కకట్టేది. పొద్దున్న ఒక అంకె వచ్చేది, పదింటి తర్వాత అదే సీసాకు ఇంకొక అంకె. బుడగలు ఒకదానికొకటి అతుక్కుని పెద్దవవుతున్నాయని నేను రిపోర్టు రాసేశాను. ఫార్ములేషన్ వాళ్ళు పదిరోజులు కష్టపడి రెసిపీ మార్చారు. ఏమీ మారలేదు.

పట్నాయక్ గారు నన్ను కుర్చీ వేసుకుని ఒక రోజంతా ఆ యంత్రం పక్కన కూర్చోమన్నారు. "కొలవడమే కాదమ్మా, చుట్టూ ఏమవుతోందో అది కూడా రాయండి" అన్నారు. రాశాను. ఎవరు తలుపు తీశారు, ఏసీ ఎప్పుడు ఆగింది, అన్నీ. పది దాటాక పక్కగదిలో వాక్యూమ్ పంపు వేశారు. నా టీకప్పులో టీ సన్నగా వణకడం కనిపించింది. బల్ల అదురుతుంటే యంత్రం ఆ అదురును కూడా కలిపి కొలుస్తోంది. యంత్రాన్ని అవతలి గదిలో బరువైన రాతిబల్ల మీదికి మార్చాం. అంకెలు కుదుటపడ్డాయి.

నన్ను ఒక్క మాట అనలేదాయన. ఫార్ములేషన్ వాళ్ళ దగ్గరికి మాత్రం నన్నే పంపి, నా నోటితోనే చెప్పించారు. "తయారుచేసేవాళ్ళు ఆశతో చూస్తారమ్మా. మీరు అనుమానంతో చూడాలి. మీకు జీతం అందుకే" అన్నారు. ఆ మాట నోట్‌బుక్ అట్ట లోపలి వైపు రాసుకున్నాను. రాసుకున్నంత మాత్రాన ఒంటబట్టలేదని తర్వాత తెలిసింది.

తొంభై ఏడు

మందు ఎంత లోపలుందో కొలిచే పద్ధతి నేనే రాశాను. చెప్పడానికి తేలిక. ఒక చిన్న గొట్టం, దాని మధ్యలో సన్నని పొర. పైన బుడగల మందు పోసి సెంట్రిఫ్యూజ్ అనే యంత్రంలో పెట్టి గిర్రున తిప్పుతాం. బుడగలు పెద్దవి, పొర దాటలేవు, పైనే ఉండిపోతాయి. బయట మిగిలిన మందు నీళ్ళతో కలిసి పొర దాటి కిందికి దిగుతుంది. కిందికి దిగిందెంతో కొలిచి, మొత్తంలోంచి తీసేస్తే మిగిలింది బుడగ లోపల ఉన్నట్టు.

ఆ ఏడాది కొత్త బ్యాచ్‌కి కిందికి దిగింది వందకు మూడే. అంటే తొంభై ఏడు లోపల. ఆ అంకె చూసి ఫార్ములేషన్ వాళ్ళు స్వీట్లు పంచారు. పట్నాయక్ గారి గదిలోంచి "ఆజ్ఞా" అనే మాట చాలాసేపు సంతోషంగా వినిపించింది. జంతువుల మీద పరీక్షలకు తేదీ అనుకున్నారు. ఆ ఆదివారం అందరం రామతీర్థం వెళ్దామని కూడా అనుకున్నాం.

శుక్రవారం పొద్దుటి మీటింగులో మేం ఐదుగురం ఉన్నాం. పట్నాయక్ గారు ఆ రోజు రాలేదు. చివర్లో దానయ్య చెయ్యెత్తాడు. దానయ్యది భోగాపురం వైపు సముద్రం ఒడ్డు ఊరు. వాళ్ళ నాన్న, అన్నదమ్ములు ఇప్పటికీ వేటకు వెళ్తారు. అతను విజయనగరంలో ఎమ్మెస్సీ చదివి మా దగ్గర చేరి అప్పటికి తొమ్మిదేళ్ళు. ఆ గొట్టాలు రోజూ తిప్పేది అతనే.

"మేడం, ఒక అనుమానం" అన్నాడు. "కిందకి రానిదంతా బుడగలోనే ఉన్నట్టేనా?"

"మరెక్కడుంటుంది?" అన్నాను.

"ఆ పొరే పట్టీసుకుంతన్నాదేమో. మా కాడ వలలో కన్ను కంటే సిన్న సేపలు కూడా సిక్కుకుంటాయి మేడం. వలలో మిగిలినాయి కదాని అన్నీ పెద్ద సేపలే అనీలేం కదా."

ఒకరు కిసుక్కున నవ్వారు. చేపల మాటకు నవ్వారో, నా మొహం చూసి నవ్వారో తెలియదు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఆ పద్ధతి మీద ఆరు వారాలు పనిచేశాను. గొట్టాల డబ్బా మీద, పొరకు ఏదీ పెద్దగా అంటుకోదని రాసి కూడా ఉంది. అది ప్రొటీన్ల సంగతని, మా మందు సంగతి కాదని అప్పుడు ఆలోచించలేదు. అందరూ కోరుకున్న అంకె చేతికొచ్చాక దాన్ని కెలకాలని ఎవరికీ అనిపించదు.

"పద్ధతి రాసింది నేను, సంతకం పెట్టింది నేను. నీకేటి తెలుసని మాటాడతన్నావు? ముందెళ్ళి నీ మిషన్ కాలమ్ కడుక్కో" అన్నాను.

కోపం వస్తే నా నోట్లోంచి మా ఊరి మాటే వస్తుంది. అతను "అలాగేనండి" అని కూర్చున్నాడు.

ఆదివారం రామతీర్థం వెళ్ళాం. గుడి చూసుకుని, బౌద్ధుల నాటి ఇటుక గోడలున్న కొండెక్కాం. కింద పచ్చని వరిచేలు, దూరంగా చెరువుల మెరుపు, పైన గాలి. పట్నాయక్ గారు ఒక గోడ మీద కూర్చుని పాత ఒడియా పాటేదో కూనిరాగం తీశారు. పులిహోర పొట్లాలు విప్పుకున్నాం. దానయ్య అందరికీ నీళ్ళు పోసి, తన పొట్లం పట్టుకుని కొంచెం ఎడంగా వెళ్ళి కూర్చున్నాడు. చూశాను. పిలుద్దామా అనుకున్నాను. పిలవలేదు. ఆ రోజు ఎవరో తీసిన ఫోటో ఒకటి నా దగ్గర ఉంది. అందులో ఐదుగురం నవ్వుతున్నాం. అతను ఫోటోలో లేడు.

ఉత్త మందు

పరీక్షలకు పంపే కాగితాల్లో ఒక గడి ఉండేది. ఇచ్చే మోతాదులో బుడగ బయట ఉండే మందు ఎంత అని. రెండు వారాల తర్వాత ఆ గడి దగ్గరికొచ్చాను. మూడు అని రాయాలి. చెయ్యి ఆగింది. ఎందుకు ఆగిందంటే గొప్ప కారణమేమీ లేదు. దానయ్య చెప్పిన వల గుర్తొచ్చింది, అంతే. అతన్ని కసిరినందుకు మనసులో మూలన ఎక్కడో గుచ్చుకుంటూనే ఉంది. పరీక్ష చేసి అతని మాట తప్పని తేల్చుకుంటే హాయిగా ఉంటుందనుకున్నాను. మంచి ఉద్దేశంతో చేశానని చెప్పుకోలేను.

రెండో శనివారం సెలవు. ల్యాబ్‌లో ఎవరూ లేరు. బుడగలేమీ లేకుండా, ఉత్త మందును నీళ్ళలో కలిపి గొట్టంలో పోసి తిప్పాను. ఆపడానికి బుడగలు లేవు కాబట్టి అంతా కిందికి రావాలి. కొలిస్తే పదో వంతు కూడా రాలేదు. కొత్త గొట్టం తీసి మళ్ళీ తిప్పాను. మళ్ళీ అంతే. అప్పుడు గొట్టాన్ని విరిచి పొరను తెల్లకాగితం మీద పెట్టాను. మా మందుది నారింజ రంగు. పొర మీద లేతగా ఆ రంగు మరక. అలాంటి గొట్టాలు నెలల తరబడి చెత్తబుట్టలో వేశాం. ఒక్కదాన్నీ ఎవరం విప్పి చూడలేదు.

అంటే మేం మూడు అనుకున్నది నిజానికి దానికి పదింతలు, ముప్పైకి పైనే ఉండొచ్చు. అంత మందు తిన్నగా ఒంట్లోకి పోతుంది. జంతువుల దగ్గర తెలియకపోతే తర్వాత మనుషుల దగ్గరికే వెళ్ళేది. పొర ముక్కను ఆ కాగితంలోనే మడిచి సంచిలో పెట్టుకున్నాను.

నేను చెప్పిన అబద్ధం

సోమవారం పొద్దున్నే పట్నాయక్ గారి గదికి వెళ్ళి, ఆ పొర ముక్కను, అంకెలను బల్ల మీద పెట్టాను. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశారు.

"ఎవరికొచ్చింది ఈ అనుమానం?" అన్నారు.

"నాకేనండి. శనివారం చేసి చూశాను" అన్నాను.

ముందుగా అనుకుని చెప్పిన మాట కాదది. అడగ్గానే అలా వచ్చేసింది. శనివారం చేసింది నేనే కాబట్టి సగం నిజమే కదా అని మనసుకు సర్దిచెప్పుకున్నాను.

ఆయన "మంచిదమ్మా" అని ఫోను తీసుకున్నారు. ఆ రోజు "ఆజ్ఞా" అనే మాటలో సంతోషం లేదు. అవతలివాళ్ళు గట్టిగా అరుస్తుంటే బల్లకు ఇవతల నాకే వినపడుతోంది. ఆయన మధ్యలో ఒక్కసారి మాత్రం, "తప్పు మాదే, నాదే. కానీ పరీక్షలు ఆపాల్సిందే" అన్నారు. నా పేరు ఎత్తలేదు.

పరీక్షలు ఆగాయి. రెండు రోజులకు వాళ్ళ కోపం తగ్గాక హెడ్ ఆఫీసు నుంచి నా పేరు మీద మెచ్చుకోలు మెయిల్ వచ్చింది, సమయానికి తప్పు పట్టుకున్నానని. దాన్ని నోటీసు బోర్డు మీద పెట్టారు. దానయ్య అది చదివి నా దగ్గరికొచ్చాడు. "మంచి పని సేసినారు మేడం" అన్నాడు. అందులో వెటకారం కోసం వెతికాను. దొరకలేదు. దొరికి ఉంటే నాకు తేలికగా ఉండేది.

ఆ సోమవారం నుంచి నాలుగు రోజులు అబద్ధాన్ని కడుపులోనే పెట్టుకున్నాను. ఐదో రోజు పట్నాయక్ గారి గది తలుపు కొట్టాను.

"సార్, ఆ అనుమానం నాది కాదు. దానయ్యది. మీటింగులో చెప్తే నేనే నోరు మూయించాను" అన్నాను.

"తెలుసు" అన్నారాయన.

ఎదురుగా ఉన్న కుర్చీ చూపించి కూర్చోమన్నారు.

"మీరొచ్చి చెప్పిన రోజు సాయంత్రం నోట్‌బుక్‌లన్నీ తెప్పించుకున్నాను. ఎక్కడ తప్పామో చూసుకుందామని. ఉత్త మందు పరీక్ష దానయ్య మీకన్నా రెండు వారాల ముందే చేసి రాశాడు." డ్రాయరు తీసి ఆ నోట్‌బుక్ బయట పెట్టి, పేజీ తిప్పి చూపించారు. దానయ్య గుండ్రటి చేతిరాత. మందు, నీళ్ళు, గొట్టం, కిందికొచ్చినది పదో వంతుకన్నా తక్కువ. నేను అతన్ని కసిరిన మర్నాడే చేశాడు. పేజీ అడుగున, సరిచూసినవారు అన్నచోట, నా సంతకం ఉంది.

ప్రతి సోమవారం నోట్‌బుక్‌లన్నీ దొంతరగా నా బల్ల మీదికి వచ్చేవి. టీ తాగుతూ పేజీలు తిప్పి సంతకాలు చేసేదాన్ని. ఇదీ అలాగే చేశాను.

"నేను కూడా నెలకొకసారి చూడాలి. చూడలేదు" అన్నారాయన. "రిపోర్టులో పేరు నేను మార్పిస్తాను. హెడ్ ఆఫీసుకు కూడా రాస్తాను. మీటింగు సంగతి మాత్రం మీరే చూసుకోవాలి."

"నాలుగు రోజుల నుంచి తెలిసీ నన్నెందుకు అడగలేదండీ?"

"ఇంకో రెండు రోజులు చూసి అడిగేవాణ్ణి" అన్నారు. అంతటితో ఆ విషయం మాట్లాడటం ఆపేసి, కొత్త పద్ధతి ఎలా చేద్దామో చెప్పమన్నారు.

మీటింగు

మర్నాడు పొద్దున్న మళ్ళీ అదే గదిలో, అదే ఐదుగురం. నిలబడి చెప్పాను. ఆ రోజు దానయ్య అడిగింది సరైన ప్రశ్న అని, నేను జవాబు తెలియక కసిరానని, మెచ్చుకోలు అతనికి రావాల్సిందని, క్షమించమని. కిసుక్కున నవ్విన మనిషి తలెత్తలేదు. దానయ్య "అయ్యో, పర్లేదండి" అని చేతిలో ఉన్న చార్టు వైపే చూస్తూ ఉండిపోయాడు.

మధ్యాహ్నం క్యాంటీన్‌లో అతని ఎదురుగా కూర్చున్నాను. ఉండబట్టలేక అడిగాను. "పరీక్ష చేసి కూడా నాకెందుకు చెప్పలేదు?"

అతను కలుపుతున్న ముద్ద ఆపాడు. "సెప్పినాను కదా మేడం. పుస్తకంలో రాసినాను. మీరు సంతకం సేసినారు."

"నేను చదవలేదు దానయ్యా."

"సదివినారనుకున్నాను. సదివి కూడా వదిలీసినారు, పెద్దోళ్ళకి ఏవో లెక్కలుంటాయి, మనకెందుకులే అనుకున్నాను."

అన్నేళ్ళ ఉద్యోగంలో నన్ను తిట్టినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఏ తిట్టూ ఇంత లోతుగా దిగలేదు. మొద్దుదాన్నని అనుకుని ఉంటే పోయేది. తెలిసి దాచిందని అనుకున్నాడు, అలా అనుకుని కూడా రెండు వారాలు రోజూ నాకు నమస్కారం పెట్టాడు. "అలా అనుకోకు నాయనా" అన్నాను. "ఇప్పుడు అనుకోటం లేదులెండి. తినండి, సల్లారిపోతాది" అన్నాడు.

ఆ తర్వాత

కొత్త పద్ధతి మేమిద్దరం కలిసి రాశాం. పొర మానేసి, సన్నని గుళికలు నింపిన చిన్న గాజు గొట్టంలోంచి మందును దింపాం. బుడగలు ముందు వచ్చేవి, విడి మందు వెనక వచ్చేది. రెండింటినీ విడివిడిగా కొలిచాం. బుడగలను పగలగొట్టి లోపలి మందును కూడా నేరుగా కొలిచాం. లోపలిది, బయటది, మొత్తం, ఈ మూడూ సరిపోతేనే సంతకం. దేన్నీ తీసివేతతో రాబట్టలేదు. పద్ధతి మీద మొదటి పేరు దానయ్యది.

పాత బ్యాచ్ నిజమైన అంకె డెబ్బై దగ్గర తేలింది. ఫార్ములేషన్ వాళ్ళు ఏడాదిన్నర కష్టపడి దాన్ని నిజంగానే తొంభై దాటించారు. ఆ రోజు ఎవరూ స్వీట్లు పంచలేదు. దానయ్య నాలుగుసార్లు చేసి చూశాక కూడా, అయిదోసారి నన్ను చేయమన్నాడు. నా చేతికీ అదే వచ్చాక ఇద్దరం టీకి వెళ్ళాం. నా ఉద్యోగంలో తృప్తిగా గుర్తున్న టీ అదే. తర్వాత ఆ పనిని కంపెనీ వేరే చోటికి మార్చింది. చివరికి ఆ మందు రోగుల దాకా చేరిందో లేదో నాకు తెలియదు. ఈ వృత్తిలో చాలాసార్లు అంతే. మన చేతి దాకా వచ్చిన ముక్కే మనకు తెలుస్తుంది.

పట్నాయక్ గారు నాకన్నా ముందే రిటైరై వాళ్ళ ఊరు వెళ్ళిపోయారు. నేను వచ్చేసేనాటికి దానయ్యే సెక్షన్ చూసుకుంటున్నాడు.

కొత్తగా చేరేవాళ్ళకు యంత్రాల గురించి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. అవి మారిపోతాయి, మీరు నాకన్నా బాగా నేర్చుకుంటారు. నన్ను ఇప్పటికీ కుదురుగా ఉండనివ్వని సంగతి ఒకటుంది. దానయ్య అప్పటిదాకా రోజుకు కనీసం ఒక అనుమానమైనా తెచ్చేవాడు. గ్రాఫులో ఈ శిఖరం పక్కన బొడిపె ఏటి, ఈ నీళ్ళు నిన్నటివి కాదేటి, అని. చాలావాటిలో ఏమీ ఉండేది కాదు. కొన్నిటిలో ఉండేది. నేను అతన్ని కసిరిన రోజు నుంచి క్షమించమని అడిగిన రోజు దాకా మూడు వారాలు. ఆ మూడు వారాల్లో అతను ఒక్క అనుమానం కూడా నా దగ్గరికి తేలేదు. అప్పుడు నేను ఆ సంగతి గమనించలేదు కూడా, పని సాఫీగా సాగుతోందనుకున్నాను. తర్వాత ఇద్దరం కూర్చుని ఆ రోజుల కాగితాలన్నీ మళ్ళీ చదివాం. ఏమీ కనపడలేదు. కాగితం మీద రాసింది మాత్రమే చదవగలం కదా. ఆ రోజుల్లో అతను చూసి, చెప్పబోయి, మానేసినవి ఏవైనా ఉన్నాయేమో ఒకసారి అడిగాను.

"ఉండే ఉంటాయి మేడం" అన్నాడు. "నాకే గుర్తు లేవు."